పన్నెండో టేకు

కరెంటు పోలేదు.
మేమే ఆపినాం మిషన్లు,
పదకొండూ ఏడు నిమిషాలకి.
ముహూర్తం చూసి వదిలినారంట ట్రైలరు.
తాడిపత్రి నల్లబండ మీద నీళ్ళు కారతానే ఉండాయి,
ఓబులేసు ఫోను మీద ఆరు తలకాయలు వాలినాయి.
అద్దం పగిలిన ఫోను. పగులు సరిగ్గా
హీరో మొగం మధ్యలో.

ముందు చీకటి.
తర్వాత డప్పు. ఆ తర్వాత ఎవరిదో బొంగురు గొంతు
"ఈ గడ్డ మీద..." అని ఎత్తుకొని
గడ్డ గురించి ఏమీ చెప్పకుండానే నిలిచిపోయింది.
"ఇది యా ఊరి యాసరా?" అన్నాడు నబీరసూలు.
అనంతపురం కాదు, కడప కాదు, కర్నూలు అసలే కాదు.
బస్సెక్కి మూడూళ్ళూ దాటిపోయి
యాడ దిగాల్నో మర్చిపోయిన యాస.

హీరోయిన్ రెండు సార్లు తిరిగి చూసింది.
ఎందుకు చూసిందో సినిమాకి పోతే గానీ తెలీదు.
అన్ని ట్రైలర్లూ ఇంతే,
పెండ్లిచూపుల దినం
చిరుగుల పరుపు మీద పరిచిన కొత్త దుప్పటి మాదిరి.

అంతలో మా క్వారీ!
"మనదేరా, మనదే!"
చూస్తే మాది కాదు.
మా దుమ్ము బూడిదరంగు.
రెప్పల మీద బూడిద, సద్దిగిన్నె మూత మీద బూడిద,
దగ్గితే గల్లలో బూడిద.
తెర మీదేమో ఎర్రగా లేస్తాంది.
అప్పుడు గ్యాపకమొచ్చింది,
షూటింగోళ్ళు లారీలోంచి దింపిన అరవై మూటలు,
అన్నీ ఎర్రమట్టి.
సీమ అంటే ఎర్రగానే ఉండాలంట.
మా దుమ్ముకి ఆ వేషం దొరకలేదు.

నిమిషం నలభై రెండు సెకన్ల కాడ
మద్దిలేటి.
కొడవలి లేస్తుంది, మద్దిలేటి నోరు తెరుస్తాడు,
తెర మారిపోతుంది.
చీమ కుట్టినంత సేపు.
మళ్ళీ వెనక్కి. మళ్ళీ చచ్చినాడు.
మళ్ళీ వెనక్కి.
ఏడుసార్లు చంపినాం వాణ్ణి.
వాడేమో మా ఎనకాలే నిలబడి
చేతుల బురద తుడుచుకుంటా ఉండాడు,
అదే చొక్కాతో.

క్యారీరు తెచ్చిన సుంకులమ్మకి చూపించినాం.
ఫోను దూరంగా పట్టుకుని కండ్లు చిన్నవి చేసింది.
మంటలు చూడలేదు,
గాల్లో పల్టీలు కొట్టే సుమోలు చూడలేదు.
"తిరునాళ్ళకి కుట్టించిన చొక్కా," అనింది.
"రంగు నెత్తురు పోసి పంపించినారు.
నిమ్మకాయ రుద్దినా, సోడా వేసి నానబెట్టినా,
బండకేసి బాదినా పోలేదు."
ట్రైలరు గురించి ఇంకేమీ అనలేదామె.

నబీరసూలు బొటనవేలితో ఆపినాడు,
కొడవలి ఇంకా దిగకముందే.
"అట్లే ఉండనీ రోంతసేపు," అనింది,
గిన్నెలు విప్పుతా, మధ్యమధ్యలో తిరిగి చూస్తా.

మద్దిలేటి మాత్రం పెదవి విరిచినాడు.
"నాలుగో టేకు పెట్టినారబ్బా.
పన్నెండోదాంట్లో బాగా పడినా నేను.
ముందు మోకాలు, తర్వాత భుజం, ఆఖర్న చెయ్యి.
కెమెరా ఆయన 'శభాష్' అన్నాడు.
దాన్ని యాడ పారేసినారో!"
ఐదొందలు, బిరియాని పొట్లం, మోకాలి మీద మచ్చ,
వీటికెప్పుడూ ఇంత బాధపడలేదు వాడు.

మేనేజరు వచ్చినాడు. గంట కూలి కోసినాడు.
కోసి, "యాదీ, నాకూ చూపించండి," అన్నాడు.

సాయంత్రానికి కోటిమంది చూసినారంట.
ఆ కోటిలో ఇరవైమూడు
మావే.

పెన్న దిక్కు నడిచిపోతాంటే
వీధిలైటు కింద పిల్లోళ్ళు అడ్డమొచ్చినారు:
"మామా, ఒక్కసారి పడవా!"
మద్దిలేటి టవలు తీసి గోడ మీద పెట్టినాడు.
లేని కొడవలి వైపు తలెత్తినాడు.
మోకాలు.
భుజం.
చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే
ఎనకనుంచి సుంకులమ్మ కేక:
"చొక్కా! చొక్కా చూసుకో!"